నల్ల తలుపు మీద పేరు

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కావడానికి ఇంకా పావుగంట!

నెవాడా ఎడారి భగభగ మండుతోంది. మబ్బు తునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము ఉరిమింది! కరెంటు స్తంభం మీద ఒక గుడ్లగూబ కూర్చుని, రెప్ప వేయకుండా రోడ్డువైపే చూస్తోంది. పట్టపగలు గుడ్లగూబకు ఇక్కడేం పని అని అడక్కండి. ఆ చోట పగలూ రాత్రీ అన్న మర్యాద ఎప్పుడో పోయింది.

రోడ్డు పక్కన ఇసుకలో ముప్పై తలుపులు! ఇళ్ళు లేవు, గోడలు లేవు... ద్వారబంధాలతో సహా ఒట్టి తలుపులు నిలబెట్టి ఉన్నాయి. నడుమ అన్నిటికన్నా ఎత్తైన నల్ల తలుపు. దాని నెత్తిన ఒక మానవ కపాలం! చూడవచ్చిన వాళ్ళు అది సున్నంతో చేసిన బొమ్మ అనుకుని, దాని కింద నిలబడి ఫోటోలు దిగేవారు. ఆ తలుపులు నిలబెట్టిన ఆర్విల్ స్ట్రౌడ్ చేతులారా బలి ఇచ్చిన భార్య మాక్సిన్ పుర్రె అది!

మా వైపు రోడ్డు పక్కన ఇలాంటి వింత కనిపిస్తే చాలు, జనం కారాపి దిగుతారు. చూసి ఊరుకోరు, దాని మీద తమ పేరు రాసి మరీ పోతారు. ఆ పాడు అలవాటునే ఆర్విల్ వలగా పన్నాడు. ప్రతి తలుపుకూ దారంతో ఒక మార్కర్ పెన్ను వేలాడదీశాడు. స్వహస్తంతో పేరు రాసినవాడి సగం ప్రాణం ఆ తలుపు వెనక్కి పోతుంది! అలా పీల్చిన ప్రాణాలతో, ఎనభై ఏడేళ్ళ ఆ క్షుద్రోపాసకుడు నలభై ఏళ్ళవాడిలా నిగనిగలాడుతున్నాడు.

వెర్నా టటిల్ పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. ఆమె టోనోపా ఊళ్ళో మోటెళ్ళకూ టైరు షాపులకూ బోర్డులు రాసే మనిషి. పక్క సీట్లో తాళ్ళతో కట్టేసి ఉంది కూతురు డార్లా. మార్చిలో స్నేహితులతో వచ్చి, నవ్వుతూ ఏడో తలుపు మీద పేరు రాసిపోయింది పిచ్చిపిల్ల. ఆ రోజు నుంచి తిండి లేదు, మాట లేదు. రోజూ పన్నెండింటికి మాత్రం కనుగుడ్లు తెల్లగా తిరగబడి, గోడలు గీరుతూ మగగొంతుతో నవ్వుతుంది. ఆ గొంతు ఆర్విల్‌ది!

"రావమ్మా, రా! చల్లగా నిమ్మరసం ఇద్దును గానీ, నువ్వొచ్చింది దాహానికి కాదుగా!" అన్నాడు నల్ల తలుపు పక్కన నిలబడ్డ ఆర్విల్.

"నా కూతుర్ని వదిలెయ్."

"నేను పట్టుకున్నానా? పెన్ను తనే తీసింది, పేరు తనే రాసింది!" వికటంగా నవ్వాడు. "సరే, కన్నతల్లివి... ఆ నల్ల తలుపు మీద నీ పేరు రాయి. అది సగం ప్రాణంతో సరిపెట్టుకోదు, నిలువునా మింగుతుంది. నువ్వు లోపలికి, పిల్ల బయటికి! పన్నెండు దాటిందా, ఇక ఆ పిల్ల నాదే."

బండిలో డార్లా వెర్రికేక పెట్టింది! వెర్నా పెన్ను అందుకుంది. తలుపు కింది మూలలు రెండూ వంగి చూసింది.

"నీ పేరేదీ?"

"నా పేరెందుకు?"

"నేను టైరు షాపు బోర్డు రాసినా మూలన పేరు వేసుకుంటాను. దీని మీద లేదే! ఇంతకీ ఇది నువ్వు చేసిందేనా?"

"నేనే! ప్రతి మేకూ నా చేత్తో కొట్టా!"

"ఏమో... మొన్న పేపర్లో ఫోటో వేసి, ఎవరో పనిలేనివాడు పాతిన తలుపులని రాశారు."

ఆర్విల్ ముఖం కందగడ్డ అయింది.

"నా ప్రాణం తీసేవాడి పేరైనా చూసి పోనీ," అంది వెర్నా.

"ఇటు తే పెన్ను! ఇవి నేను చేసిన తలుపులు, నన్నేం చేస్తాయి!" అహంకారంతో కళ్ళు మూసుకుపోయిన ఆ పాపాత్ముడు కింది మూలన వంకీలు తిప్పుతూ తన పేరు రాశాడు...

ఫెళఫెళార్భాటంతో పిడుగు! కపాలం దవడ కిర్రుమని తెరుచుకుంది. ఇన్నేళ్ళుగా మాక్సిన్ ఎదురుచూస్తున్నది ఆ ఒక్క పేరు కోసమే! నల్ల తలుపు తనంతట తాను తెరుచుకుంది. లోపలి చీకట్లోంచి రెండు ఎముకల చేతులు వచ్చి అతని మెడను పెనవేశాయి. ఎనభై ఏడేళ్ళూ ఒక్కసారిగా ముఖం మీదికి ముంచుకొచ్చాయి...

"మాక్సిన్, వద్దే! తల్లీ... ఆ పేరు చెరిపెయ్యమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"అది చెరగని రంగు ఆర్విల్. బోర్డులు రాసేదాన్ని, నాకు తెలీదా?"

తలుపు ధడాలున మూసుకుంది! మిగతావన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"అమ్మా... నీళ్ళు," అంది బండిలో డార్లా. నాలుగు నెలల తర్వాత సొంత గొంతుతో! వెర్నా సీసా పట్టి తాగిస్తూ భోరుమని ఏడ్చింది.

"నాకూ... ఒక్క చుక్క..." నల్ల తలుపు వెనకనుంచి మూలుగు.

వెర్నా నడిచి వచ్చి, మిగిలిన నీళ్ళు గడప ముందు ఇసుకలో పోసింది... నెమ్మదిగా, లోపలికి ఆ చప్పుడు వినబడేలా! నాకైతే జాలి కలగలేదు.

ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు. పన్నెండింటికి నల్ల తలుపు లోపలనుంచి దబదబా బాదుతున్న చప్పుడు వస్తుంది. లోపల స్పీకర్ పెట్టారనుకుని చప్పట్లు కొడతారు. మొన్న ఒకావిడ వంగి, కింది మూలన ఉన్న అక్షరాలు చదివింది.

"ఆర్విల్ స్ట్రౌడ్... ఎవరండీ ఈయన?"

"ఎవడో మనలాగే చూడ్డానికొచ్చి గీకిపోయుంటాడు. ఎండగా ఉంది, పద!" అన్నాడు మొగుడు.