నిద్రబస్సు గాలికన్నం

కళ్యాణి నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను నిద్రబస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. చక్రాల కింద పెట్టిన చెక్కలు జారాయేమోనని చూస్తున్నాను. ఆమె పైన నేల కడిగి, బకెట్టు నీళ్ళు మెట్ల మీంచి విసిరింది. సగం నీళ్ళు నా మొహానే పడ్డాయి.

పాక్కుంటూ బయటికొచ్చి, చూసి పారబొయ్యక్కర్లేదా అని కేకలేశాను. ఆమె నన్ను కిందా పైనా చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టు తెలిసిపోతూనే ఉంది.

"బస్సు కింద మనిసుంతాడని నాకేటి తెలుసు? లెగిసి నిలబడే పని ఏదీ లేదేటి మీకు?"

నా పేరు యువరాజు. పేరుకి తగ్గట్టే నాకూ ఒక రాజ్యం ఉండేది. బారువ సముద్రం ఒడ్డున కొబ్బరితోటలో ఆరు చెక్క గదులు, ఒక పాత బస్సు. పలాస జీడిపప్పు వ్యాపారి వైకుంఠరావుగారు టూరిస్టుల కోసం కట్టించారవి. బస్సులో సీట్లు పీకించి రెండు మంచాలు, చిన్న గ్యాసు పొయ్యి పెట్టించారు. ఆయన దాన్ని క్యారవాన్ అనేవారు. ఊళ్ళోవాళ్ళు నిద్రబస్సు అనేవారు. నాది కోటబొమ్మాళి, ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివాను. 2004 జూన్ నుంచి ప్రతి శనివారం వచ్చి అన్నీ తనిఖీ చేసి, కాగితం మీద టిక్కు పెట్టి, సంతకం చెయ్యడం నా ఉద్యోగం.

ఆ కాగితం విశాఖపట్నం ఇంజనీరు ఎవరో ఇంగ్లీషులో రాసిచ్చింది. నేను దాన్ని తెలుగులో అట్టల మీద రాసి ప్రతి తలుపు వెనకా అంటించాను. గ్యాసు బండ బయటే ఉండాలి. గొట్టం పగుళ్ళు చూడాలి. తుపాను రోజులు రాకముందే కప్పు తాళ్ళు బిగించాలి. లోపల బొగ్గులు, కుంపట్లు పెట్టకూడదు. గాలికన్నాలు ఎప్పుడూ మూయకూడదు.

కళ్యాణి గదులు ఊడ్చి దుప్పట్లు మార్చేది. పదో తరగతి వరకు చదివింది. నేను రాసిన అట్టలన్నీ చదివి, ఇన్ని భయాలున్నవాళ్ళు ఇంట్లోనే పడుకోవచ్చు కదా, సముద్రం దాకా రావడమెందుకు అని అడిగింది. సముద్రం మీదికి పోయేవాళ్ళకి కూడా ఇన్ని రూళ్ళు లేవట.

గాలికన్నాలు చూడ్డానికి నాకో పద్ధతి ఉండేది. అగరుబత్తి వెలిగించి కన్నం దగ్గర పట్టుకుంటే, పొగ బయటికి పోతే సరి, లోపలే తిరుగుతుంటే ఎక్కడో అడ్డు ఉన్నట్టు. ఏడు తలుపుల దగ్గరా ఏడు అగరుబత్తులు. అది చూసిన రోజు నుంచి ఆమెకి నేను పంతులుగారినయ్యాను. శనివారం నేను ఊరి బస్సు దిగి తోటలోకి రాగానే చీపురు పక్కన పెట్టి, ఇవాళ ఏ దేవుడికండీ పూజ అనేది. పైకి చిరాకు పడేవాణ్ణి. ఆ మాట వినకపోతే మాత్రం ఆ రోజంతా ఏమీ తోచేది కాదు.

ఆగస్టు వచ్చేసరికి నేను ఆమెను ప్రేమిస్తున్నానని నాకు తెలిసిపోయింది. ఎలాగంటే, ఆమె తండ్రి ఢిల్లీరావు వల్ల. అక్కడ నేను పెద్దవాళ్ళందరినీ మావా అనే పిలిచేవాణ్ణి. ఆయన్ని మాత్రం అలా పిలవలేక, అండీ అని తప్పించుకునేవాణ్ణి. ఆయన గ్రహించాడో ఏమో, నన్ను చూసి మీసాల చాటున నవ్వుకునేవాడు. ఒకప్పుడు సముద్రం మీద పెద్ద చేపల వేటగాడు. భుజం పాడై వల లాగలేక తోటకి కాపలాదారయ్యాడు. రాత్రుళ్ళు ఆయన ఒక్కడే తోటలో పడుకునేవాడు, భార్యా కూతురూ ఊళ్ళో ఇంట్లో ఉండేవాళ్ళు.

అక్టోబరులో ముసురు పట్టింది. టూరిస్టులు రావడం మానేశారు. తోటలో ఢిల్లీరావు కాపలా పాక కారిపోతుంటే, వైకుంఠరావుగారు నిద్రబస్సులో పడుకోమన్నారు. దాని గోడకి పైనొకటి, కిందొకటి గాలికన్నాలు; పైకన్నానికి వాన పడకుండా ఉన్న రేకు మూత ఉప్పుగాలికి తుప్పుపట్టి విరిగిపోయింది. కొత్తది తెప్పించమని నేను రెండుసార్లు చెప్పాను, ఎవరూ తేలేదు. జల్లు సరిగ్గా ఆయన మంచం మీదే పడేది.

నవంబరులో ఒక శనివారం వెళ్ళేసరికి రెండు కన్నాలూ మూసి ఉన్నాయి. పైదీ, కిందదీ. మామూలుగా గుడ్డలు కుక్కడం కాదు. గోనెగుడ్డ నాలుగు మడతలు వేసి, చుట్టూ ఉన్న ఇనప చట్రానికి వలదారంతో కుట్టేసింది కళ్యాణి. వల నేసే చేతులు కదా, ఒక్క నీటిబొట్టు దూరే సందు లేదు. నా అగరుబత్తి పొగ బస్సులోనే గిరగిరా తిరిగింది.

ఇది కోసెయ్యాలి అన్నాను. ఆమె ఎప్పటిలా వెక్కిరించలేదు.

"మా అయ్యకి రాత్రల్లా దగ్గండి. పైనుంచి జల్లు, కిందనుంచి సలిగాలి కొట్టి గుండె పట్టేత్తంది. వాన తెరిపివ్వగానే నానే కోసేత్తాను. ఈ ఒక్కవారం ఒగ్గెయ్యి."

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. వానకి తడిసిన ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళెత్తి నా వంక చూసింది. నాకు ఇంజనీరు కాగితం గుర్తుంది, రూలు ఎందుకు పెట్టారో కూడా గుర్తుంది. అయినా ఆ చూపు ముందు కాదనలేకపోయాను. గాలికన్నాలు అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేశాను. వెళ్తుంటే తాటాకు గొడుగు తెచ్చి చేతికిచ్చింది. కోటబొమ్మాళి దాకా పిచ్చివాడిలా నవ్వుకుంటూ వెళ్ళాను.

మంగళవారం పొద్దున్న ఫోను వచ్చింది. నేను వెళ్ళేసరికి ఢిల్లీరావుని కొబ్బరిచెట్ల మధ్య చాప మీద పడుకోబెట్టారు. మొహంలో బాధేమీ లేదు, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. బస్సులో మంచం పక్కన ఒక మట్టికుండ, దాన్నిండా జీడిపిక్కల తొక్కల బూడిద.

దోమలకి ఆ తొక్కలు కాల్చి పొగ వేస్తారు మా వైపు. పొగ బాగా వచ్చినంతసేపూ కుండ బయట పెడతారు. పొగ తగ్గి నిప్పులు ఎర్రబడ్డాక, ఇంక కళ్ళు మండవు కదా అని వెచ్చదనానికి లోపల పెట్టుకుంటారు. పాకల్లో ఏమీ కాదు, గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. గాలి ఆడని రేకుబస్సులో, పొగ కనిపించని ఆ నిప్పే మనిషిని తీసేస్తుంది. వాసన కూడా ఉండదు.

డాక్టరు అదే చెప్పాడు. ముసలాయన తెలియక కుండ లోపలికి తెచ్చుకున్నాడు అనుకున్నారంతా. నా సంచిలోనే ఉండిపోయిన కాగితం ఎవరూ అడగలేదు. అందరూ శవం దగ్గరుండగా నేను బస్సెక్కి, బ్లేడుతో ఆ కుట్లు కోసి, గోనెముక్కలు సంచిలో పెట్టుకున్నాను. కళ్యాణిని ఎవరూ ఒక్క మాట అనకూడదని. అది నిజమే, కానీ అంతా నిజం కాదు. నన్ను కూడా ఎవరూ ఏమీ అనకూడదనే.

ఆమె గుమ్మంలోంచి చూసింది. నేను తలెత్తలేదు. మర్నాడే ఉద్యోగం మానేసి టెక్కలిలో మోటార్లు బాగుచేసే షాపులో చేరాను.

ఏడాది గడిచింది. ఆ ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తిన్నాను, పనిచేశాను. అగరుబత్తి వాసన వస్తే లేచి బయటికి పోయేవాణ్ణి.

మళ్ళీ నవంబరు. మళ్ళీ ముసురు. ఒక మధ్యాహ్నం షాపు ముందు తడిసిన చీరతో కళ్యాణి నిలబడి ఉంది. చిక్కిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ గోనెముక్కలు నీకాడే ఉన్నాయా?"

ఉన్నాయన్నాను.

"నాను సంపేసినాననే గదా, నా మొకం సూడకుండా ఎల్లిపోనావు? ఆ మాట నోటితో అనీసి ఎల్లుంటే బాగుణ్ణు. ఏడాది బట్టి నీ నోట ఎప్పుడు ఇంతానా అని సూత్తన్నాను."

లోపలికి వెళ్ళి సంచి తెచ్చాను. గోనెముక్కల కింద మడతపెట్టిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. గాలికన్నాలు అన్న మాట, దాని ఎదురుగా నా టిక్కు, కింద నా సంతకం, తేదీ. ఆమె రెండుసార్లు చదివింది.

"నువ్వు తెలియక మూశావు. నేను తెలిసి సంతకం చేశాను. నువ్వంటే ఇష్టం, నిన్ను కాదనలేకపోయాను. అందుకే పారిపోయాను, నీ తప్పని కాదు," అన్నాను.

నేను ఆమెతో ప్రేమ సంగతి చెప్పడం అదే మొదలు. అలా చెప్పాలని కలలో కూడా అనుకోలేదు. ఆమె షాపు అరుగు మీద కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఓదార్చే అర్హత నాకుందో లేదో తెలియలేదు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, మా అమ్మకి సెప్పాల, రా అంది.

బారువ చేరేసరికి వాన పెద్దదైంది. వాళ్ళమ్మ చిన్నతల్లి ఇంటి బయట, చూరు కింద, గొడుగు ఒక చేత్తో పట్టుకుని వంట చేస్తోంది. పొయ్యి సగం తడిసి ఉంది. ఇంట్లో చక్కటి వంటగది ఉండగా ఇక్కడెందుకని అడిగాను. ఏడాది నుంచీ ఇంతేనని, అడిగితే చెప్పదని కళ్యాణి అంది.

నేను కాగితం చూపించి, చేసిందంతా చెప్పాను. కళ్యాణి తన మాట చెప్పింది. చిన్నతల్లి పొయ్యిలో పుల్ల సర్దుతూ వింది. చివరికి గొడుగు పక్కన పడేసింది.

"ఆ కుండ ఆడు తెచ్చుకోలేదు బాబు. దోమలు కుడతన్నాయని నానే అట్టుకెల్లినాను. పొగ తగ్గినాక నా సేత్తోనే మంచం పక్కనెట్టి, తలుపు దగ్గరికేసి వచ్చీసినాను. ఎచ్చగా పడుకోమన్నాను. ఈ ఆడగుంటకి సెప్పలేక, ఇంట్లో నిప్పెట్టలేక ఇలగున్నాను."

తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, ఏడాది పాటు ఎవరి నేరం వాళ్ళు దాచుకున్నారు. కళ్యాణి వెళ్ళి తల్లిని పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే సుత్తి, ఉలి పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. వంటగది గోడకి పైన ఒకటి, కింద ఒకటి కన్నాలు కొట్టాను. జల్లు లోపలికి రాకుండా పైదానికి రేకు వంచి బిగించాను. ఆ ఒక్క రేకు బస్సుకి నేనే సొంతంగా తెచ్చి బిగించి ఉంటే అన్న ఆలోచన ఉలి దెబ్బ దెబ్బకీ వచ్చింది. అది ఎప్పటికీ వస్తూనే ఉంటుంది.

పనయ్యాక జేబులోంచి అగరుబత్తి తీశాను. కళ్యాణి దాన్ని నా చేతిలోంచి తీసుకుంది.

"ఈసారి నాను సూత్తాను పంతులుగారూ. మీ సంతకం నమ్మను."

వెలిగించి పైకన్నం దగ్గర పట్టుకుంది. పొగ కాసేపు అక్కడే తచ్చాడి, తిన్నగా బయటికి పోయింది. ఆమె కదల్లేదు. అగరుబత్తి చివరిదాకా కాలి వేళ్ళకి తగిలేవరకూ చూస్తూనే ఉంది. తర్వాత తల్లి వైపు తిరిగి తలూపింది.

చిన్నతల్లి బయట పొయ్యిలోంచి నాలుగు నిప్పులు పెంకు మీద తీసుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. నావైపు చూసింది.

"వారం వారం వచ్చి ఆ కన్నం సూడాల నువ్వు. పరాయోడివై వత్తే ఊరోళ్ళు ఊరుకోరు. మీ అమ్మానాన్నల్ని అట్టుకురా, మాటాడతాను."

అలాగే అత్తా అన్నాను. ఈసారి అండీ అని తప్పించుకోలేదు. కళ్యాణి తల్లికి దారిచ్చి పక్కకి జరిగింది, చిన్నతల్లి నిప్పులు లోపలికి తెచ్చింది.