ఏడో మెట్టు మీద బిగుసుకున్న ఇంటిమేధ

ఆ ఉదయం అరుణగిరిలో ఇళ్లన్నీ లేచాయి గానీ, హైమవతి ఇల్లు మాత్రం లేవలేదు.

అంగారక గ్రహం మీద ఇల్లు లేవడమంటే ఇంటిమేధ లేవడమే. దీపాలు, నీళ్లు, కాఫీ, గోడ మీద వార్తలు అన్నీ చూసుకునే హోమ్ కంప్యూటర్‌కి మనవాళ్లు పెట్టుకున్న పేరది. గాలి, వెచ్చదనం వేరే యంత్రాల చేతుల్లో ఉంటాయి కాబట్టి ఇది మొరాయించినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. స్విచ్ వేయగానే తొమ్మిది మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పనిలోకి దిగుతుంది. హైమవతి ఇంట్లో అది మూడు రోజులుగా ఏడో మెట్టు దగ్గర బిగుసుకుపోతోంది. తెర మీద ఏడు అంకె వెలుగుతూ ఉంటుంది. తిట్టినా తట్టినా ఎనిమిది రాదు.

కాఫీ లేకపోతే ఆమె సర్దుకునేదే. కానీ తొమ్మిదో మెట్టులో కాశీపతి మాట ఉంది. ఆమె బెంగంతా దాని గురించే.

కాశీపతి ఆమె భర్త. ఆరేళ్ల కిందట, లోపలి గాలిని బయటికి పోనివ్వని గాలితలుపు ఒకటి విరిగి, నాలుగు నిమిషాలు ప్రాణవాయువు అందక ఆయన మంచాన పడ్డాడు, మాట, రాత రెండూ పోయాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. నోటి నుంచి మూలుగుల్లాంటి శబ్దాలు వస్తాయి, అంతే. ఇంటిమేధ ఆ శబ్దాలనీ, కనుబొమల కదలికనీ, వేళ్ల వణుకునీ ఏళ్ల తరబడి గమనించి, వాటి అర్థం పట్టుకుని, ఆయన పాత గొంతుతోనే పలికేది. భూమ్మీద గానీ ఇక్కడ గానీ ఆయన మాట తెలిసింది ఆ ఒక్క యంత్రానికే.

మరమ్మతుకి పోలినాయుడు వచ్చాడు. శ్రీకాకుళం మనిషి, ఈ గ్రహానికొచ్చి పదకొండేళ్లయినా యాస మాత్రం అక్కడిదే.

"ఏటి మేడమ్, ఏటేటి చేసి చూశారు?"

"నలభై సార్లు ఆపి మళ్లీ వేశాను. తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాను. మెమరీ పలకలు తుడిచాను. ఒక్కో పరికరం తీసేసి కూడా చూశాను."

"అయితే ఇంకొక్కటే మిగిలింది. మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించడం. అరగంట పని."

"చెరిపేస్తే ఆయన మాట?"

నాయుడు తల దించుకున్నాడు. "మళ్లీ నేర్చుకుంటాది మేడమ్. కాకపోతే ఇంకో ఆరేళ్లు పడతాది."

కాశీపతికి అరవై ఎనిమిది నిండాయి. హైమవతి పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

మంచం మీద నుంచి కాశీపతి గట్టిగా మూలిగాడు. తన ముక్కు చూపించాడు. మూడు రోజులుగా ఇదే వరస. జలుబు చేసిందనుకుని ఆమె ఆవిరి పట్టించింది, మాత్రలు మింగించింది, మెడకి మఫ్లర్ చుట్టింది. ఈసారి ఆయన ముక్కు చూపించి, వెంటనే యంత్రాన్ని చూపించి, విసుగ్గా నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యగారు చెప్తున్నది జలుబు గురించి కాదు మేడమ్," అన్నాడు నాయుడు. స్విచ్ వేసి, యంత్రం పెట్టెకి చెవి ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు దాటి ఏడు వెలిగింది. సరిగ్గా అప్పుడు పెట్టె లోపల 'హచ్' మని చప్పుడైంది. నాలుగు నిమిషాలకి మళ్లీ 'హచ్'. యంత్రాన్ని చల్లబరిచే నీటి పంపులో ఎర్రదుమ్ము చేరితే వచ్చే చప్పుడు అది. పగలంతా దాని పక్కనే పడుకుని ఉండే కాశీపతికి ఆ సంగతి ముందే తెలిసింది.

"పంపు తుమ్మితే కంప్యూటర్ ఆగడమేమిటి?" హైమవతికి దిగులు మధ్యలోనే ఆసక్తి పుట్టింది. శాస్త్రవేత్త బుద్ధి ఎక్కడికి పోతుంది.

నాయుడు ఒక చిన్న తెర తగిలించి ఆరో మెట్టు తెరిచాడు. దాన్ని అలవాట్ల పొర అంటారు. ఇంటిమేధకి పుట్టుకతో ఏ అలవాట్లూ ఉండవు. ఆ ఇంట్లో మనుషులు ఏం చేస్తున్నారో చూసి, అదే పద్ధతి అనుకుని తనూ పాటిస్తుంది. ఏడో మెట్టులో దానికి చెవులు వస్తాయి.

"మీ ఇంట్లో ఎవరైనా తుమ్మితే ఏటి చేస్తారు మేడమ్?"

"ఏం చేస్తాం? రుమాలు ఇస్తాం."

ఆమె అరుణగిరి భూగర్భ పరిశోధనశాలకి పెద్ద. భూమి నుంచి ఊరగాయ జాడీలు తెచ్చుకోండి గానీ శకునాలు తేకండి అని ఏటేటా పిల్లలకి ఉపన్యాసం ఇస్తుంది. ఆ మాట ఊరందరికీ నోటికొచ్చు.

నాయుడు గొంతు సవరించుకుని చదివాడు. "పని మొదలెట్టేటప్పుడు తుమ్ము వినబడితే ఆగాలి. కూర్చోవాలి. మంచినీళ్లు తాగాలి. అయిదు నిమిషాలయ్యాకే కదలాలి. ఆధారం, ఆరేళ్లలో మేడమ్ బయలుదేరేటప్పుడు వినబడిన తుమ్ములు నాలుగొందల పన్నెండు. నాలుగొందల పన్నెండు సార్లూ మేడమ్ ఆగారు."

"కళ్లజోడు మర్చిపోయి ఆగుంటాను."

"కళ్లజోడు అరవై సార్లని రాసింది. గ్లౌజులు డెబ్భై. మిగతాసార్లు దాహమని."

నాయుడు నవ్వలేదు. అది అతని మంచితనం. నాలుగు నిమిషాలకోసారి పంపు తుమ్ముతుంటే, అయిదు నిమిషాల గడువు ఎన్నటికీ తీరక, పాపం ఆ యంత్రం మూడు రోజులుగా మర్యాదగా ఆగి కూర్చుంది.

అతను పంపు విప్పి, దుమ్ము దులిపి, నూనె చుక్క వేసి బిగించాడు. ఏడు వెలిగింది. ఎనిమిది వెలిగింది. తొమ్మిది వెలగగానే గదిలో కాశీపతి గొంతు వినిపించింది.

"హైమా, ఇంక ఆవిరి పట్టకు. ముక్కు కాలిపోయింది."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

"ఈ తుమ్ము అలవాటు తీసేయమంటారా మేడమ్? లేకపోతే దుమ్ము చేరినప్పుడల్లా ఇదే గొడవ," అన్నాడు నాయుడు.

"తీసేయండి. ఎవరికీ చెప్పకండి కూడా."

తీసేసే ముందు పూర్తి వివరం వినిపించాలన్నది ఇంటిమేధ నియమం. అది తన సొంత గొంతుతో నిదానంగా చెప్పింది. "నాలుగు వందల పన్నెండు తుమ్ముల్లో నిజమైనవి ముప్పై ఎనిమిది. తక్కినవి కాశీపతి గారు కావాలని తుమ్మినవి. తొలగించనా?"

నాయుడికి ఎక్కడలేని తొందరా వచ్చింది. పనిముట్లు సంచిలో వేసుకుని, ఇంకో ఇంట్లో పనుందని గొణుగుతూ వెళ్లిపోయాడు.

హైమవతి భర్త వైపు తిరిగింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"నన్ను ఆటపట్టించడానికా?"

"మొదటిసారి నిజంగానే వచ్చింది. నువ్వు గుమ్మం దాకా వెళ్లి, కళ్లజోడంటూ వెనక్కొచ్చి, నీళ్ల గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నావు. ముందురోజు దొరికిన నీలం రాయి గురించి చెప్పావు. అప్పటికి నేను మంచాన పడి రెండు నెలలు. నాతో అంతసేపు మాట్లాడింది ఆ రోజే."

"ఉండమని అడిగితే ఉండనా? మాట వచ్చాకైనా అడగొచ్చుగా?"

"ఒకసారి అడిగాను. ఉన్నావు. గడియారం చూసుకుంటూ కూర్చున్నావు." ఆ పాత గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. "తుమ్మితే మాత్రం గడియారం చూడవు హైమా. ఆ అయిదు నిమిషాలూ ఎక్కడికీ వెళ్లకూడదని నువ్వే నమ్ముతావు."

హైమవతికి సిగ్గు, జాలి, ప్రేమ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మూడు వందల డెబ్భై నాలుగు ఉదయాలు ఈయన పక్కనే కూర్చుని కూడా తను ఏమీ కనిపెట్టలేకపోయింది.

"తొలగించనా?" ఇంటిమేధ మళ్లీ అడిగింది.

"వద్దు. పరిశోధనశాలకి ఫోన్ కలుపు."

అటునుంచి ఆమె కింద పనిచేసే కుర్ర శాస్త్రవేత్త పలికాడు. రాతి నమూనాల బండి సిద్ధంగా ఉందన్నాడు.

"నేను మధ్యాహ్నం వస్తాను," అంది హైమవతి.

"ఏమైంది మేడమ్? కంప్యూటర్ ఇంకా బాగవలేదా?"

"బాగయింది. బయలుదేరబోతుంటే మా ఆయన తుమ్మారు," అని ఫోన్ పెట్టేసి, మంచం పక్కకి కుర్చీ జరుపుకుంది.