తెర మీద అమ్మాయి కళ్ళు

“ఈమెకి మెడ నొప్పా?”

ప్రత్యూష నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు నేను బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టేజీకి వెనక తెర కడుతున్నాను. ఆ తెర మీద తంబురా పట్టుకున్న స్త్రీ తల దించుకుని, రెప్పలు వాల్చుకుని ఉంటుంది. మా తాత రైలు పెట్టెల మీద నంబర్లు వేసే పెయింటరు. నంబర్లకి రేకు కత్తిరించి అచ్చు చేసినట్టే ఈ బొమ్మకీ ఒక అచ్చు చేశాడు. ఏటా తెలుగు సంఘం ఉత్సవానికి కొత్త గుడ్డ మీద ఆ రేకు ఆనించి రంగు కొట్టాలి. తాత తర్వాత నాన్న, ఇప్పుడు నేను.

“నొప్పి కాదండీ, సిగ్గు,” అన్నాను నేల చూపులు చూస్తూ.

“అచ్ఛా! మిమ్మల్నీ అదే అచ్చులో పోశారా?”

నిచ్చెన మీంచి పడలేదు, అదే గొప్ప.

ప్రత్యూషది రాజమండ్రి. బొగ్గు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, సర్కండాలో అద్దె గది. ఆ సాయంత్రం రిహార్సల్లో జావళి పాడింది. నూటయాభై ఏళ్ళ కిందట నాట్యకత్తెలు పాడుకున్న పాటట. ఆలస్యంగా వచ్చిన ప్రియుణ్ణి ఒకామె నిలదీస్తుంది. సాకులు తర్వాత, ముందు నా కళ్ళలోకి చూసి మాట్లాడు అంటుంది.

నాకు తెలుగు చదవడమే అంతంతమాత్రం, సంగీతం అసలే తెలీదు. అయినా ఒళ్ళు ఝల్లుమంది. అన్నేళ్ళ కిందటి ఆడమనిషి ఇంత ధైర్యంగా అడిగిందా! నోరు తెరుచుకుని నిలబడిపోయాను. బ్రష్షులోని రంగు నా చెప్పు మీద కారుతోందని కూడా తెలీలేదు.

సెక్రటరీ గిరిబాబు గారికి మాత్రం నచ్చలేదు.

“జావళీలేటమ్మా? ఫ్యామిలీలు వస్తాయి. ఆ తెర చూడు. నలభై ఏళ్ళుగా ఆ బొమ్మని చూపించే మా ఆడపిల్లలకి నీతి చెప్తున్నాం. సిగ్గే సింగారం!”

“తల దించుకోవడం నీతి అయితే, తలెత్తి నిజం అడగడం ఏమిటండీ?”

“అదీ... భజన పాడకూడదేటి?”

“ఈ బొమ్మ ముందు ఈ పాట పాడితే అబద్ధం అవుతుంది. ఆ తెర ఉంటే నేను పాడను.”

“తెర లేకపోతే ఉత్సవమే లేదు!”

ప్రత్యూష సంచి భుజాన వేసుకుని వానలోకి వెళ్ళిపోయింది. అది గురువారం, ఉత్సవం ఆదివారం. ఆమె రాకపోతే ఆ పాట మళ్ళీ వినలేను. ఆమెని చూడ్డానికి నాకు ఇంకో సాకూ లేదు.

మా రైల్వే క్వార్టర్‌లో కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

“ఏటైందిరా?” అంది నానమ్మ అప్పయమ్మ.

అంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

“సిగ్గేటిరా, నీ మొకం! ఆ బొమ్మ నానే. సేటలో బియ్యం ఏరతంటే మీ తాత ఎదురుగా కూకుని గీసినాడు. తరవాత సేట తీసీసి తంబురా ఎట్టినాడు.”

“మరి కళ్ళు?”

“తలెత్తమన్నాడు, ఎత్తినాను. నాలుగుసార్లు గీసినాడు. ఓ కన్ను విజయనగరం ఏపు సూస్తే, ఓ కన్ను రాయ్‌పూర్ ఏపు సూసీది. ఇసుగొచ్చి తల దించీసి, రెప్పలు మూసీసినాడు. మీ తాతకి కళ్ళు గీయడం వచ్చీది కాదురా!”

కంచం పక్కకి నెట్టేశాను. నలభై ఏళ్ళ నీతిబోధ, గిరిబాబు గారి ఉపన్యాసాలు, అన్నీ మా తాతకి చేతకాకపోవడం వల్లనా!

“నీకొచ్చా?” అంది నానమ్మ.

“చూస్తాను.”

“అయితే తెరిపించు. ఎన్నాళ్ళని మూసుకుని కూకుంటాను?”

రెండు రోజులూ రైల్వే షెడ్‌లో నా డ్యూటీ దిగగానే ఇంకో కొత్త గుడ్డ ముందు కూర్చున్నాను. రేకు పక్కన పడేసి, బొమ్మ ముఖం పైకెత్తినట్టు చేత్తోనే గీశాను. నానమ్మ కళ్ళే గీద్దామనుకున్నాను, ఒట్టు. తర్వాత సంఘం గ్రూపులో ప్రత్యూష నంబరు వెతికి, తెర మారింది, ఒక్కసారి వచ్చి చూడండి అని మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు.

ఆదివారం హాలు నిండింది. ముందు పరదా తొలగించగానే అందరూ మెడలు సాచి చూశారు. బొమ్మ తలెత్తి తిన్నగా జనంలోకి చూస్తోంది. గీసింది నేనే, అయినా నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను. పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి ఇవాళే నన్ను చూసినట్టు అనిపించింది.

గిరిబాబు గారు లేచారు. “ఏటిది? ఎవరు మార్చారు?”

ముందు వరసలో నానమ్మ కూడా లేచింది. “నా బొమ్మ బాబూ. నా కళ్ళు నానే తెరిపించుకున్నాను. నువ్వు కూకో. పిల్ల పాడతాది.”

అప్పుడు చూశాను. స్టేజీ పక్కన తడిసిన గొడుగుతో ప్రత్యూష నిలబడి ఉంది. గిరిబాబు గారు నానమ్మనీ బొమ్మనీ మార్చి మార్చి చూసి కూర్చున్నారు.

ప్రత్యూష బొమ్మ వైపు చాలాసేపు చూసింది. తర్వాత జనం వైపు తిరిగి పాడింది. తెలుగు సగమే అర్థమయ్యే మా కాలనీ కుర్రాళ్ళు సైతం ఫోన్లు కిందికి దించి విన్నారు. నానమ్మ ఏడుస్తూ నవ్వుతోంది.

అయ్యాక నేను తెర వెనక తాళ్ళు విప్పుతుంటే వచ్చింది.

“అవి మీ నానమ్మగారి కళ్ళు కావు.”

“కావండీ,” అన్నాను చెప్పుల వైపు చూస్తూ.

“మరి ఎవరివి?”

“అదీ... తెర మడత పెట్టాలండీ, వాన...”

“దిలీప్! పాట విన్నావు కదా? సాకులు తర్వాత.”

తలెత్తాను. ఆమె కళ్ళలోకే చూశాను.

“మీవే. వేరే కళ్ళు గీయడం నాకు రాదు.”

ప్రత్యూష చూపు తిప్పుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది. వానకి తెర మీద రంగు ఇంకా ఆరలేదు, నా చేతికంతా అయింది, అంటుకుంటుందని చెప్పినా వదల్లేదు.