దిద్దకుండా చూసుకో

దత్తు చేసింది తప్పే. ప్రేమలో ఉన్నాడని అతన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు.

చంద్రపూర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ప్రతిభ బయాలజీ చెబుతుంది, దత్తు కంప్యూటర్లు చెబుతాడు. ప్రతిభ లాప్‌టాప్‌లో పుస్తకంలా పేజీలు పెంచుకుంటూ పోయే సొంత వికీ ఒకటి ఉంది. మాజ్రి బొగ్గుగనుల కాలనీలో వాళ్ళమ్మ ప్రేమలత, చుట్టుపక్కల ఆడవాళ్ళు పాడే పాటలు, తిట్టే తిట్లు, చెప్పే చిట్కాలు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. చదివింది మరాఠీ బడిలో కాబట్టి తెలుగు మాటల్నే మరాఠీ అక్షరాల్లో రాసుకుంది.

కాస్త అందంగా చేసిపెట్టమని ఆమే అడిగింది. దత్తు రంగులు వేశాడు, బటన్లు పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మెప్పు పొందాలన్న ఉబలాటంలో పేజీలన్నీ తెలుగు లిపిలోకి మార్చాడు. "ఏంది" అని ఉన్నచోటల్లా "ఏమిటి" అని దిద్దాడు. మురిసిపోతూ చూపించాడు.

బయట జోరున వాన పడుతోంది.

"నేను రాసింది నాకే చదవరాకుండ చేసినవ్," అంది ప్రతిభ. "రంగులెయ్యమంటే మా అమ్మ మాట దిద్దుతవా?"

పాత కాపీ ఉంది కానీ, అందులో ఈ వానాకాలం రాసిన పేజీలు లేవు. వాటి కోసం దత్తు ప్రతి ఆదివారం మాజ్రి వెళ్ళి ప్రేమలత ముందు కూర్చున్నాడు. ఆమె అన్నది అన్నట్టే, అదీ మరాఠీ అక్షరాల్లోనే రాశాడు. తిట్ల పేజీ వచ్చినప్పుడు ఆమె అతన్నే చూస్తూ ప్రతి తిట్టూ రెండుసార్లు చెప్పింది.

ఈసారి దత్తు తన సోకులన్నీ విడిగా ఒక ఫైల్లో పెట్టాడు. రంగులు, బటన్లు, కావాలంటే తెలుగు లిపిలో చూపించే మీట, అన్నీ అందులోనే. పేజీల్లోని మాటలు వేరే ఫైల్లో ఉన్నాయి. తన ఫైల్ని పీకేసినా వాటికేమీ కాదన్నాడు. ప్రతిభ నమ్మలేదు. అతని ఫైల్ని అతని కళ్ళముందే డిలీట్ చేసింది. రంగులు పోయాయి. పాటలూ తిట్లూ అక్షరం చెదరకుండా ఉన్నాయి. చాలా రోజుల తర్వాత అతన్ని చూసి నవ్వింది.

"ఇగ పెట్టుకో నీ రంగులు."

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు దత్తు.

"తెల్సు. గని నన్ను దిద్దాలని చూస్తే నీకు గూడ గిదే గతి."

అసలు గొడవ రాజురాలో, పెళ్ళి మాట కోసం ప్రతిభను తీసుకెళ్ళిన రోజు, దత్తు వాళ్ళింట్లో మొదలైంది. తండ్రి పోచన్నకు పిల్ల నచ్చింది కానీ, తెలుగు చదవరాకపోవడం నచ్చలేదు. నేర్చుకున్నాకే పెళ్ళి అన్నాడు.

"మనసైతే నేర్సుకుంట," అంది ప్రతిభ. "మీరు షరతు పెడితే మాత్రం నేర్సుకోను. చదువరాకపోతే నా తెలుగు తక్కువదైతదా?"

ఆమె ఎలా ఉందో అలాగే తనకు కావాలని, ఇంకెలా మార్చినా తనకొద్దని దత్తు తండ్రి ముఖం మీదే చెప్పాడు. పోచన్న మంచం మీంచి విసురుగా లేచాడు.

తల్లి ఆగమ్మ ఇంతసేపూ తలుపు దగ్గరే నిలబడి ఉంది. వచ్చి ప్రతిభ పక్కన కూర్చుని, ఏదైనా పాట వినిపించమంది. ప్రతిభ ఫోన్లో చూసి ఒక అప్పగింతల పాట ఎత్తుకుంది. సగంలో ఆగమ్మ కూడా గొంతు కలిపింది. ఆగమ్మ వాళ్ళమ్మ పాడిన పాట అది. పాట అయిపోయాక కళ్ళొత్తుకుని మొగుడి వైపు తిరిగింది.

"నాకు ఏ అక్షరాలూ రావు. మరి నన్నెట్ల చేసుకున్నవ్?"

పోచన్న మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఎవరి ముఖమూ చూడకుండా, ముహూర్తం ఎప్పుడు పెట్టిద్దామని అడిగాడు.