చూరు కింద బిందె

“ఏడు పేర్లు. ఒకే కాగితం. అది చేతులు మారితే మన ఏజెంట్లు ఏడుగురూ వారంలో శవాలే,” అన్నాడు చీఫ్ శ్రీరంగప్ప.

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో శెనక్కాయల మండీ వెనక గది. 2002 జులై. బయట వాన జాడే లేదు.

“నీళ్లు తగిలితే కరిగిపోయే కాగితమది. మన ఆఫీసులోంచే ఎవరో కొట్టేసినారు. కర్ణాటక మలెనాడు కొండల్లో జలపాతం పక్కన గెస్ట్‌హౌస్ ఉండాది. రేపు నాలుక్కు ఆడ విదేశీ ముఠా మనిషి కొంటాడు. కోడ్ ‘ఈ వాన ఎప్పుడు వెలుస్తుంది?’ జవాబు ‘వెలిస్తే జలపాతం ఏమైపోతుంది?’ జవాబు చెప్పినోళ్లే దొంగ. ముఠాలో దూరిన మన మనిషి నిఖిత, దొంగను దగ్గరుండి చూపిస్తుంది. రాఘవేంద్రా, ఆడ నువ్వు ఆమె మొగుడివి.”

హేమ తలెత్తింది. పదేళ్లుగా అతను తన మొగుడు.

“మరి నేను సార్?”

“వంటమనిషివి.”

మర్నాడు గెస్ట్‌హౌస్‌లో హేమ వడ్డిస్తోంది. బయట ఆగని వాన, జలపాతం హోరు. నిఖిత ముద్ద కలిపి రాఘవేంద్ర నోటికి అందించింది.

“చానా బాగుండాది,” అన్నాడతను నిఖితను చూస్తూ.

వండింది హేమ. పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

వంటింట్లో అతని చొక్కా పట్టుకుంది. “ఏమయ్యా, డ్యూటీనా, పెండ్లా?”

“యాక్టింగ్ మే!”

“ఇంత యాక్టింగ్ ఇన్నేండ్లూ యాడ దాచినావు? సరే, విను. ఆమె సిగరెట్ తాగదు. లైటర్ మాత్రం వదలదు. జలపాతం కాడ ఒళ్లంతా తడిసినా దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకునింది.”

“నీకు కుళ్లు. అందుకే అట్లా కనపడతాంది.”

కుళ్లు నిజమే. అందుకే పొద్దుట్నుంచి హేమ కళ్లు నిఖిత చేతుల మీద నుంచి పక్కకు తిరగలేదు.

నాలుగింటికి రెండు నిమిషాలుండగా గొడుగుతో ఒక తెల్లవాడు వరండా ఎక్కి, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

“ఈ వాన ఎప్పుడు వెలుస్తుంది?”

“వెలిస్తే జలపాతం ఏమైపోతుంది?” అంది నిఖిత.

రాఘవేంద్ర చెయ్యి తుపాకీ దాకా పోలేదు. నిఖిత పిస్టల్ అప్పటికే అతని గుండెకు ఆనింది.

“నువ్వూ చేతులెత్తు హేమా. నెలల తరబడి వాన కురిసే ఊళ్లో చూరు కింద బిందె పెట్టి నీళ్లు పట్టే వంటమనిషి ఉంటుందా? అనంతపురం దానివని పొద్దున్నే తెలిసిపోయింది.”

హేమ నాలుక కరుచుకుంది. పొద్దున వాన కనపడగానే తన చేతులు వాటంతటవే బిందె పెట్టేశాయి.

నిఖిత రెండో చేత్తో లైటర్ విప్పి కాగితం తీసింది. “ఇదిగో మీ లిస్టు. మా ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఫ్రీ!”

ఏడు ప్రాణాలు ఒక ఎత్తు, ‘మా ఆయన’ అన్న మాట ఒక ఎత్తు. తెల్లవాడు కాగితానికి చెయ్యి చాచాడు. హేమ పక్కనే చూరు కింద నిండిన బిందె ఎత్తి, ముగ్గురూ నిలువునా తడిసేలా ఆ చేతుల మీద గుమ్మరించింది.

నిఖిత వేళ్ల మధ్య కాగితం గంజైపోయింది. ఆమె కళ్లు తుడుచుకునేలోగా పిస్టల్ రాఘవేంద్ర చేతికొచ్చింది. పరుగు తీసిన తెల్లవాడు నాచు మీద జారి మెట్ల కింద పడ్డాడు. లోపల గడియారం నాలుగు కొట్టింది.

ఇద్దర్నీ కట్టేశాక, తలనుంచి నీళ్లు కారుతున్న రాఘవేంద్ర ఖాళీ బిందె వైపు దిగులుగా చూశాడు.

“అన్ని నీళ్లు ఒక్కసారే పారబోస్తివి కదే!”

హేమ బిందెను మళ్లీ చూరు కిందికి జరిపింది.

“ఇంగొకటి నిండనీ. నీ దగ్గర ఇంగా ఆమె సెంటు వాసనొస్తాండాది.”