మూడోసారి అనకు రెడ్డెమ్మా

"కాయ పండిందా?"

"ఇంకా దోరగానే ఉండాది."

సంకేతపదం సరిపోయింది. మదనపల్లె టమాటా మార్కెట్లో కోలారు వ్యాపారి వేషంలో నిలబడిన ఏజెంట్ తేజస్విని చెవిలో చీఫ్ భానుప్రకాశ్ గొంతు గట్టిపడింది.

"మన ప్రీతి డబుల్ ఏజెంట్. పుంగనూరు సర్వర్‌లోని మన వర్చువల్ మెషిన్‌ను కుప్పం సర్వర్‌కు తరలిస్తోంది. అక్కడ విదేశీ ముఠా కాచుకుని ఉంది. రిమోట్ పాస్‌వర్డ్‌లు మార్చేసింది. పుంగనూరుకు కరెంటు తీయించేస్తున్నాను."

"వద్దు సార్. మన ఏజెంట్ శ్వేత ఈ పూటే శత్రుదేశపు సరిహద్దు దాటుతోంది. చెక్‌పోస్టులో ఆమె దొంగ పాస్‌ను నిజమని చెప్పేది ఆ మెషినే. అది ఆగితే శ్వేత దొరికిపోతుంది."

"మెషిన్ కుప్పం చేరితే ఆమె అసలు పేరే దొరుకుతుంది."

"చేరనివ్వను. నేనే పుంగనూరు వెళ్లి తరలింపును రద్దు చేస్తే మెషిన్ ఉన్నచోటే నడుస్తుంది."

"కరెంటు తీయడం నా ఆర్డర్."

"తీస్తే, మన మనిషిని మీరే చంపారని రిపోర్టు రాస్తాను."

చీఫ్ లైన్ కట్ చేశాడు, కరెంటు మాత్రం తీయించలేదు. తేజస్వినికి అంతే చాలు.

వర్చువల్ మెషిన్ అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్. నడుస్తుండగానే దాన్ని తరలించడమంటే, దాని మెమరీని విడతలుగా అవతలి సర్వర్‌కు కాపీ చేయడం. కాపీ అయిన భాగం ఈలోగా మారితే మళ్లీ పంపాలి. మార్పులు సద్దుమణిగినప్పుడే మెషిన్ అవతలికి దూకుతుంది. దూకాక రద్దు చేయడానికి ఏమీ మిగలదు. ఎవరికీ అనుమానం రాకూడదని డిపార్ట్‌మెంట్ ఆ మెషిన్‌కు అప్పగించిన పైపని, ఈ మార్కెట్ వేలంపాటల రేట్లను వ్యాపారుల ఫోన్లకు పంపడం. కనుక పాట సాగినంతసేపూ మెమరీ మారుతూనే ఉంటుంది.

ఆమె మండీ యజమాని రెడ్డెమ్మ దగ్గరకు నడిచింది.

"రెడ్డెమ్మక్కా, వచ్చిన కాయలకు పాట మొదలుపెట్టు. నేను ఫోన్లో పాడతా. మూడోసారి అని మాత్రం అనొద్దు."

"యాలమ్మా? పాటంటే ముగియల్ల గదా."

"ఒక ఆడబిడ్డ పానం దాని మీద ఉండాది."

రెడ్డెమ్మ ఆమె ముఖంలోకి చూసి కొంగు బిగించింది. "అట్లయితే నా గొంతు పొయ్యేదాకా ఆపను."

కారు పుంగనూరు దారి పట్టింది. తేజస్విని ఫోన్లో ఒక రూపాయి పెంచితే, నరేష్ అనే వ్యాపారి పౌరుషంతో ఇంకో రూపాయి పెంచాడు. ఆ వేడికి పక్క మండీల్లోనూ పాటలు అంటుకున్నాయి.

"ఎవురమ్మా నువ్వు? ఇన్ని కాయలు తింటావా, పూడుస్తావా?"

"భయమైతే ఇంటికి పో అప్పా."

"పలమనేరోళ్లకు భయమా? ఇంకో రూపాయి."

పుంగనూరులో, చేతి గాజులో దాచిన చిప్ తాకించగానే సర్వర్ రూమ్ తలుపు తెరుచుకుంది. పట్టుచీరలో మెరిసిపోతున్న ప్రీతి స్క్రీన్ ముందు పళ్లు కొరుకుతోంది. తొంభై ఎనిమిది శాతం దాకా పోయిన అంకె మళ్లీ తొంభై ఒకటికి జారింది.

"యాల ముగియదు ఇది?" అంటూ వెనుదిరిగి పిస్టల్ ఎత్తింది. "కదిలితే కాలుస్తా, తేజా."

తేజస్విని కదిలింది. సర్వర్‌కు వీపు ఆనించి, నిటారుగా నిలబడింది.

"కాల్చు. నా వెనక ఉండేది నీ సరుకే. గుండు నన్ను దాటిపోతే, నువ్వు అమ్ముకునేదానికి ఏం మిగలదు."

ప్రీతి వేలు బిగుసుకుంది గాని, నొక్కలేదు. అంతలో ఫోన్లో నరేష్ గొంతు నీరసంగా వినిపించింది: "చాలు. ఆమెకే ఇచ్చేయండి."

పక్క మండీల పాటలూ అణగిపోయాయి. తొంభై ఏడు. తొంభై ఎనిమిది.

"రెండోసారి," అంది రెడ్డెమ్మ, బొంగురుపోయిన గొంతుతో. "ఇంకా రెండోసారే."

తొంభై తొమ్మిది. ప్రీతి కళ్లు ఆశగా స్క్రీన్ వైపు తిరిగాయి. తేజస్విని మోచేయి ఆమె మణికట్టును తాకింది; పిస్టల్ నేలమీద పడింది; రెండో చెయ్యి రద్దు మీటను నొక్కింది.

తరలింపు రద్దయింది. మెషిన్ పుంగనూరులోనే నడుస్తోంది.

ప్రీతి చేతులకు బేడీలు వేస్తూ తేజస్విని ఫోన్లో చెప్పింది: "ఇప్పుడు అనొచ్చక్కా."

"మూడోసారి," అంది రెడ్డెమ్మ, పెద్ద బరువు దించుకున్నట్టు.

కాసేపటికి చీఫ్ పిలిచాడు. "శ్వేత సరిహద్దు దాటింది. కానీ నువ్వు ఆర్డర్‌ను ధిక్కరించావు. సాయంత్రంలోగా వివరణ కావాలి."

"ఇస్తాను సార్. ముందు మీ ఇంటి గేటు తీయించండి. మూడు లారీల టమాటాలు వస్తున్నాయి."