మీ రేంజ్ ఎంతండీ?

ఆమె బ్యాగులో ఒక వస్తువు పెడుతుంటే నాన్న రెండు పెడుతున్నాడు.

మడతపెట్టిన తెల్లకోట్ల మీద టార్చిలైటు వచ్చి పడింది. దాని మీద గొడుగు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు. ఆఖరున మణికట్టంత లావున్న నైలాన్ తాడు.

"ఇదెందుకు నాన్నా?"

"బండి ఆగిపోతే లారీకి కట్టుకోవడానికి."

"నేను ఉద్యోగానికి వెళ్తున్నా. సర్కస్‌కి కాదు."

"ఉద్యోగానికి వెళ్లాలన్నా బండి కదలాలిగా!"

ఆమె తాడు తీసి మంచం మీదికి విసిరింది. అది చుట్టలు విప్పుకుని నేలమీదికి జారింది. నాన్న దాన్ని మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "బ్యాగు సర్దుతున్నారా, వర్క్‌షాపు సర్దుతున్నారా?" అంది గానీ నవ్వలేదు. ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతే జిప్పు లాగిన చప్పుడుకి ఆవిడ గుండె జారుతుంది.

అమ్మాయి ఫిజియోథెరపిస్టు. పక్షవాతంతో పడిపోయినవాళ్లని మళ్లీ నడిపించే పెద్ద ఆసుపత్రిలో పోస్టు కోసం మూడేళ్లు దరఖాస్తులు పెట్టింది. ఇప్పటికి వచ్చింది. ఊరు మూడువందల పది కిలోమీటర్లు. ఈ రోజు సాయంత్రం అయిదింటిలోపు వెళ్లి సంతకం పెట్టకపోతే ఆ పోస్టు జాబితాలో తరవాతి మనిషికి పోతుంది.

గొడవ ఉద్యోగం గురించి కాదు. వెళ్లే బండి గురించి.

ఏడేళ్లుగా ఇంట్లో ఉన్నది హైబ్రిడ్ ఎస్‌యూవీ. ఆమె దాన్ని ఎక్స్చేంజికి ఒప్పించి, పూర్తి ఎలక్ట్రిక్ కారు తెచ్చింది. పాత బండిని ఆ వారంలోగా షోరూముకి అప్పగించాలి. రిటైరయ్యేదాకా బస్సు డ్రైవరుగా చేసిన నాన్న ఆ తాళంచెవిని జేబులోంచి తియ్యడం లేదు.

"హైబ్రిడ్ అంటే రెండు కాళ్ల మనిషే! కరెంటు అయిపోతే పెట్రోలు. నీది ఒంటికాలి బండి. ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. ఆగిపోయిన బండిలో జనం ముఖాలు ఎలా ఉంటాయో నువ్వు చూడలేదు."

"సరే. పందెం. ఈ బండిలోనే వెళ్తాను, అయిదింటికి సంతకం పెడతాను."

"దారిలో ఒక్కసారి నాకు ఫోన్ చేశావో, బండీ వెనక్కి, నువ్వూ వెనక్కి."

"చెయ్యను!" అంది. ఎంత గట్టిగా అందంటే, బయట కారు దగ్గర వంగి ఉన్న ఎలక్ట్రీషియన్ తల ఎత్తాడు.

అతను అక్కడికి రావడం మొదలై పదకొండు రోజులైంది. గోడకి చార్జర్ బిగించడానికి వచ్చాడు. మొదటిరోజు గేటు తీసిన అమ్మాయిని పలకరిస్తూ, పుస్తకమూ పెన్నూ తీసి అన్న మొదటి మాట:

"మీ రేంజ్ ఎంతండీ?"

"ఏమన్నారు?"

"రేంజండీ. మీ రేంజ్ ఏంటో తెలిస్తే దాన్నిబట్టి చూద్దాం."

"ఓహో! నా రేంజ్ చూసి మాట్లాడతారన్నమాట. మరి మీ రేంజ్ ఏంటో?"

అతను అమాయకంగా వీధిలోకి చూపించాడు. "నాది స్కూటరండీ. ఎనభై."

"ఎనభై ఏంటి?"

"కిలోమీటర్లు. ఒక్క చార్జింగుకి. మీ కారుదెంతో అడుగుతున్నా."

తప్పు తనదేనని తెలిశాక ఆమెకి కోపం రెట్టింపయింది. "మూడువందల అరవై," అని చెప్పి, తలుపు ధడాలుమని వేసుకుని లోపలికి పోయింది.

సాయంత్రానికి రెండో రభస. "సార్, మీ ఇంటికి ఎర్త్ లేదండీ," అన్నాడు నాన్నతో.

"భూమ్మీద కట్టిన ఇంటికి ఎర్త్ లేదంటాడేంటయ్యా ఈ కరెంటు!"

అప్పటినుంచి ఆ ఇంట్లో అతని పేరు కరెంటు. తోటలో గుంట తవ్వి ఎర్త్ వేశాడు. పాత వైర్లు లాగి కొత్తవి వేశాడు. నాలుగు రోజుల పని. అయిదో రోజు ఏదో మరిచిపోయానని వచ్చాడు. ఆరో రోజు ఆమె బాల్కనీలోంచి, "ఇవాళేం మరిచిపోయారు?" అని అడిగితే, "గుర్తొచ్చాక చెబుతానండీ," అన్నాడు. ఆమె గట్టిగా తిట్టింది. తిట్టి, రెండు కప్పులు కాఫీ పట్టుకుని కిందికి దిగింది.

ఇవాళ కూడా ప్లగ్గు మూడుసార్లు పెట్టి తీశాడు. "నూటికి నూరు ఎక్కిందండీ. హాయిగా వెళ్లిరండి."

"వెళ్లిరావడం కాదు. వెళ్లడమే," అంది బ్యాగు డిక్కీలో పెడుతూ.

అతను టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. ఇంకేమీ అనలేదు. సరిగ్గా అందుకే ఆమెకి ఒళ్లు మండింది. తొమ్మిది గంటలకి కారు చప్పుడు లేకుండా గేటు దాటింది. అమ్మ ఊపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

రెండు నిమిషాలైనా కాలేదు, నాన్న ఎస్‌యూవీ బయటికి తీశాడు.

"ఎక్కు కరెంటూ. బిగించింది నువ్వేగా. ఆగిపోతే తొయ్యాల్సిందీ నువ్వే."

నూట నలభై కిలోమీటర్లు అలాగే వెళ్లారు. ముందు ఆమె, అరమైలు వెనక వీళ్లు. కొండ కింద చెట్లనీడలో ఆమె కారాపి టిఫిను డబ్బా తెరిచింది. నాన్న ఎస్‌యూవీని రోడ్డు పక్కన నిలిపి ఉన్న రోలరు వెనక దాచాడు. ఇంజను చప్పుడైతే కనిపెట్టేస్తుందని ఆపేసి, రేడియో, ఫ్యాను మాత్రం ఉంచాడు.

"సార్, రేడియో కట్టేయండి. చిన్న బ్యాటరీ పాతదండీ."

"పెద్ద బ్యాటరీ ఉందిగా. పెట్రోలూ ఫుల్లుగా ఉంది. కూర్చోవోయ్."

అరగంట తరవాత ఆమె కదిలింది. నాన్న మీట నొక్కాడు. ఎస్‌యూవీ కిక్కురుమనలేదు.

"పెట్రోలుందా?" "ఉందండీ." "కరెంటుందా?" "పెద్దదాంట్లో ఉందండీ. దాన్ని నిద్రలేపాల్సింది చిన్న బ్యాటరీ. అది పోయింది."

"అంటే?"

"రెండు కాళ్లూ బాగున్నాయి సార్. మనిషి స్పృహలో లేడు."

ముప్పై కిలోమీటర్లు ముందుకెళ్లాక ఆమె ఫోన్ మోగింది.

"మేడమ్, నేనండీ. మీరు రావద్దు. చెప్పాలని చేశానంతే. మీ నాన్నగారూ నేనూ మీ వెనకాలే వచ్చాం. ఎస్‌యూవీ ఆగిపోయింది."

"ఏంటీ?"

"లాక్కెళ్లే బండి రావడానికి మూడు గంటలంట. సార్ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. చేతులు వణుకుతున్నాయి. మీకు ఫోన్ చెయ్యొద్దని నన్ను కొట్టడానికొస్తున్నారు."

నాన్నకి షుగరు. ఆమె బండి పక్కకి తీసి ఆపింది. తెర మీద అంకెలు చూసింది. మిగిలింది నూట తొంభై. గమ్యం నూట నలభై. వెనక్కి ముప్పై, మళ్లీ ముందుకి ముప్పై. లెక్క కుదరదు. మధ్యలో చార్జింగుకి ఆగాలి. టైము పన్నెండున్నర. అన్నిటికన్నా పైగా, తన ప్రాణం పెట్టి సాధించుకున్న ఒక్క రోజుని కూడా నాన్న తనకి వదిలిపెట్టలేదన్న మంట.

స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, బండి వెనక్కి తిప్పింది.

నాన్న రోలరు నీడలో కూర్చుని ఉన్నాడు. ఆమె బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి చేతిలో పెట్టింది.

"నేను ఫోన్ చెయ్యలేదు," అన్నాడు నాన్న.

"తినండి."

"పందెం ప్రకారం నువ్వూ చెయ్యలేదు."

"తినండి నాన్నా!"

ఎలక్ట్రీషియన్ వైపు చూడనైనా చూడలేదు. ఎస్‌యూవీకి తాళం వేసి, షోరూముకి ఫోన్ చేసి దాన్ని ఇక్కడినుంచే తీసుకుపొమ్మని చెప్పింది. నాన్న వెనకసీట్లో ఎక్కి, ఆగిపోయిన తన ఆకుపచ్చ బండిని వెనక అద్దంలోంచి చాలాసేపు చూశాడు.

రెండూ నలభైకి చార్జింగు దగ్గర ఆగేసరికి వాన మొదలైంది. పైన కప్పు లేదు. ఆమె ప్లగ్గు పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించింది.

"ఏమీ కాదండీ. వానలో పెట్టొచ్చు," అని అతను ఆమె నెత్తిమీద గొడుగు పట్టాడు. తాను పూర్తిగా బయట ఉన్నాడు.

"నాకు తెలుసు," అంది.

నలభై నిమిషాలు పడుతుందని చూపించింది తెర. కారులో ముగ్గురు. అద్దాల మీద వాన. పక్కసీట్లో అతను, వెనకసీట్లో నాన్న గురక.

"మీరే బిగించారు," అంది ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ. "మీరే ఎర్త్ వేశారు. పొద్దున మూడుసార్లు చూశారు. చివరికి మీకే నమ్మకం లేక, పెట్రోలు బండెక్కి నా వెనకాల వచ్చారు. అవునా?"

"కాదండీ. సార్ ఎక్కమన్నారు."

"ఎవరు ఎక్కమంటే వాళ్ల బండి ఎక్కేస్తారా?"

"లేదండీ. ఎటు వెళ్తోందో అడిగి ఎక్కాను."

ఆమె అతని వైపు తిరిగింది. అతను టెస్టర్‌ని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"మీ బండి చేరుతుందని నాకు తెలుసు. చేరితే మీరు అక్కడే ఉండిపోతారనీ తెలుసు. నాలుగు రోజుల పని పదకొండు రోజులు చేశానండీ. రేపు ఏం మరిచిపోయానని మీ గేటు తియ్యను?"

"ఈ ముక్క చెప్పడానికి నూట నలభై కిలోమీటర్లు దాక్కుని రావాలా?"

"పొద్దున చెబితే కోప్పడతారని."

"ఇప్పుడు కోప్పడట్లేదా?"

"ఇప్పుడు వాన పడుతోంది. దిగిపొమ్మనలేరు."

"అనగలను. దిగండి."

అతను దిగాడు. వానలో తడుస్తూ నిలబడ్డాడు. ఆమె అద్దం రెండంగుళాలు దించింది.

"మా నాన్నకి అన్నిటికీ రెండోది ఉండాలి. కరెంటు పోతే పెట్రోలు, ఈ ఉద్యోగం పోతే ఆ ఉద్యోగం, ఈ సంబంధం కాకపోతే ఇంకోటి. నాకు అలాంటివాళ్లంటే ఒళ్లు మంట. ఇది చూద్దాం, ఆగిపోతే అది ఉందిగా అనుకునేవాళ్లు వద్దు నాకు. అర్థమైందా?"

"నాకు రెండోది లేదండీ," అన్నాడు. కళ్లలోకి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. "మీరు కాదంటే స్కూటరే."

వెనకసీట్లో గురక ఆగింది.

"ఎందుకే వాణ్ణి తడుపుతున్నావు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు?"

"నన్ను అరవై కిలోమీటర్లు అనవసరంగా తిప్పినందుకు."

"తిప్పింది నేను. వాడు రేడియో కట్టెయ్యమని చెప్పాడు. నేనే వినలేదు." నాన్న గొంతు అంత చిన్నగా ఆమె ఎప్పుడూ వినలేదు. "నువ్వు ఆగిపోతావని కాదే నా భయం. ఆగకుండా వెళ్లిపోతావని."

ఆమె ముందుసీటు తలుపు లోపల్నుంచి తెరిచింది. నాన్న తన కండువా ముందుకి విసిరాడు. "తుడుచుకో కరెంటూ. మా పిల్లకి బండిలో స్పేరు టైరు కూడా లేదు. కోపం మాత్రం ఎప్పుడూ నూటికి నూరు చార్జింగు. చూసుకుని మాట్లాడు."

"చూశానండీ. పదకొండు రోజులు చూశాను," అన్నాడు అతను తల తుడుచుకుంటూ.

"మాటలాపి ప్లగ్గు తియ్యండి. టైమవుతోంది," అంది. చెవులు ఎర్రబడ్డాయి గానీ కోపం వల్లనే అనుకోమన్నట్టుగా మొహం పెట్టింది.

ఆసుపత్రి ఆఫీసులో రిజిస్టరు మూసే ముందు, నాలుగూ యాభైరెండుకి, ఆమె సంతకం పెట్టింది. గుమస్తా, "దూరంనుంచి వచ్చారా?" అని అడిగాడు. "చాలా దూరం," అంది.

ఆ పూటకి నాన్నా ఎలక్ట్రీషియనూ లాడ్జిలో దిగారు. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర బస్సుకి నాన్న రెండు టికెట్లు తీశాడు. తాను ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్కసీట్లో కర్చీఫ్ వేశాడు. కింద, బస్సు తలుపు దగ్గర, వాళ్లిద్దరికీ ఇంకా తగువు తెగలేదు.

"ఎక్కండి. బస్సు స్టార్టయింది," అంది ఆమె.

"ఎక్కమంటున్నారా?"

"అదేగా అంటున్నా! వినబడట్లేదా?"

"వినబడుతోందండీ. కోపంగా అంటున్నారో, నిజంగా అంటున్నారో తేలడం లేదు."

"అయితే తేలేదాకా ఆగండి!"

బస్సు కదిలింది. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అనబోయి, అనకుండానే కర్చీఫ్ తీసి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవరు వైపు ఒకసారి చూసి, "పోనివ్వు బాబూ," అన్నాడు.

మధ్యాహ్నం మూడుంపావుకి నాన్న ఒక్కడే ఇల్లు చేరాడు. అమ్మ గేటు తీసి, నాన్న భుజం మీదుగా వీధి చివరిదాకా చూసింది. అమ్మాయి పదిహేను రోజులకోసారి వచ్చి వెళ్తానని చెప్పింది, అలాగే వచ్చి వెళ్లింది. ఎలక్ట్రీషియన్ మాత్రం ఆమె ఉన్న ఊరినుంచి తిరిగి రాలేదు. నాన్న ఒక్కడే బస్సు దిగిన ఆ రోజు సెప్టెంబరు పది, బుధవారం.